సాగిన బెల్టు

ఎబినేజరు మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. కాజీపేట రైల్వే కాలనీలో ఆయన దగ్గర గిటారు నేర్చుకున్న వాళ్లందరికీ ఇది అనుభవమే. సంగీతానికి దేశం ఉంటుందా అని అడిగిన పాపానికి ఒకడు మధ్యాహ్నమంతా తీగల తుప్పు తుడిచాడు. సుచరితకు ఆ సంగతి తెలుసు. తెలిసే అడిగింది.

"మాస్టారూ, లోకమంతా ఒకటంటుంది, నేనొక్కదాన్నే ఇంకోటంటున్న. అనుమానించాల్సింది లోకాన్నా, నా చెవినా?"

అడిగిందే గానీ, తీర్పు ఎప్పుడో ఇచ్చేసుకుంది. లోకాన్నే. కాలేజీ చర్చల్లో ఎదుటి పక్షం గొంతు సవరించుకునేలోపు దాని వాదాన్ని ముక్కలు చేసి పెట్టే పిల్ల. పాటల దగ్గరా అదే తీరు. రాక్ పాటల్లో ఆ పొడుగాటి గిటారు విన్యాసాలు మైకు దొరికిన నాయకుడి ప్రసంగాల్లాంటివి, ఎక్కడమే గానీ దిగడం తెలియదు అనేది. ఇండీ గాయకులు మాటలు నమిలి మింగేది గుండెలో బాధ ఉండి కాదు, ఆ మాటల్లో ఏమీ లేదని బయటపడుతుందన్న భయంతో అనేది. బ్యాండు పేరున్న టీషర్టు ముందు కొని పాట తర్వాత వినేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు మంట. అందరూ నెత్తిన పెట్టుకునే సాల్ట్ వార్డెన్స్ అనే విదేశీ బ్యాండు మొదటి ఆల్బమ్ ఉత్త చప్పట్ల బేరమనీ, ఎవరికీ పట్టని మూడోదే అసలు సంగీతమనీ, ఆ బరువూ ఆ చీకటీ మందకు అర్థం కావనీ కనిపించిన వాళ్లందరితో వాదించేది.

ఆ మూడో ఆల్బమ్‌ను మాత్రం ఆమె మాస్టారి గదిలోని టేప్‌రికార్డర్ మీద తప్ప మరెక్కడా వినలేదు. ఫోన్లో వినదు. కంపెనీలు పాత పాటలకు సున్నం కొట్టి, తీరు మార్చి ఫోన్లలోకి ఎక్కిస్తాయని ఆమె అనుమానం.

ఆ అనుమానమే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. ఎల్లుండి హనుమకొండలో ఆమె బ్యాండు ఆ ఆల్బమ్‌లోని పాటే వాయించాలి. డ్రమ్ముల మీద నజీర్, ఇంటర్ నుంచీ ఆమె స్నేహితుడు. సాధన మధ్యలో కర్రలు ఆపి అన్నాడు: "అరే సుచీ, నేను ఫోన్ల ఇన్న. పాట ఉరుకుతుంటది. నువ్వేందో దినాలల్ల వాయించినట్టు వాయిస్తున్నవ్."

"నీకు పాట గాదు, ఈలలు గావాలె," అంది సుచరిత అందరూ వింటుండగా. "పో, పోయి బరాత్‌ల వాయించుకో."

నజీర్ తండ్రి బరాతుల్లో, పెళ్లి ఊరేగింపుల ముందు మర్ఫా డప్పు వాయించి ఇల్లు నడిపాడు. స్నేహితుల్లో ఆ సంగతి నజీర్ ఆమెకొక్కదానికే చెప్పుకున్నాడు. అతను కర్రలు డ్రమ్ము మీద పెట్టి వెళ్లిపోయాడు. మూడు రోజులు. అతనూ రాలేదు, ఆమె ఫోనూ చేయలేదు.

మాస్టారికి గొడవంతా చెప్పింది, ఆ బరాత్ మాట ఒక్కటి మింగేసి.

"గిటారు తీసి టేపుకు శ్రుతి చేస్కో," అన్నారాయన.

ఆ గది ఆచారం అది. క్యాసెట్‌తో కలిసి వాయించాలంటే దాని శ్రుతికే తీగలు దించాలి. సుచరిత ఎప్పటిలాగే ఆరు తీగలూ కాస్త వదులు చేసింది. పాట వచ్చింది, తడిసిన దుప్పటిలా బరువుగా. ఆమె కళ్లు మూసుకుంది. ఇంత బరువు అబద్ధమెట్లా అవుతుంది?

"ఇగ దాన్ని విప్పు," అని మాస్టారు స్క్రూడ్రైవర్ చేతికిచ్చారు.

టేప్‌రికార్డర్ మూత తీసింది. మోటారుకూ చక్రానికీ మధ్య నల్లటి రబ్బరు బెల్టు, పాత లంగా ఎలాస్టిక్‌లా సాగి వేలాడుతోంది. మాస్టారు సొరుగులోంచి కొత్తది తీసి ఎక్కించి, అదే క్యాసెట్ వెనక్కి తిప్పి, మీట నొక్కారు.

పాట లేచి ఉరికింది. గాయకుడి గొంతు సన్నబడి, బడి వదిలిన పిల్లాడి గొంతయింది. సుచరిత అలవాటుగా మీటిన తీగలు దానితో పడక కీచుమన్నాయి. ఆమె చేయి అక్కడే ఆగిపోయింది. ఇది నజీర్ చెప్పిన పాట.

అప్పుడైనా ఒప్పుకుందా? లేదు. కొత్త బెల్టును అనుమానించింది. "ఇది ఎక్కువ తిప్పుతున్నదేమో మాస్టారూ!"

ఆయన క్యాసెట్ అట్ట ముందుకు తోశారు. దాని మీద పాట నిడివి అచ్చేసి ఉంది, నాలుగు నిమిషాల పది సెకన్లు. ఆమె గోడగడియారం చూస్తూ పాటను మళ్లీ మొదటినుంచీ వింది. సరిగ్గా అక్కడే ముగిసింది.

ఇక మిగిలింది మాస్టారే. "మీకు ఎప్పట్నుంచి ఎరుక?"

"బెల్టు సాగినప్పట్నుంచి."

"మరి చెప్పలేదేంది?"

"లోకాన్నంతా నిలదీసినవ్ బిడ్డా. ఈ డబ్బాను ఒక్కసారన్న అడిగినవా?"

సుచరిత సాగిన బెల్టు వైపు చూసింది. ఎన్ని చర్చలు గెలిచింది, ఎంతమందిని మందలో కలిపేసింది, అంతా ఈ వేలెడు రబ్బరును నమ్ముకునే. అయినా లోపల ఏదో మొండికేసింది. మళ్లీ అడిగింది, ఈసారి వాదించడానికి కాదు.

"మాస్టారూ, నాకు ఇప్పటికీ ఆ నెమ్మది పాటనే మంచిగనిపిస్తుంది. ఎల్లుండి ఏది వాయించాలె?"

మాస్టారు సాగిన బెల్టును ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు మూశారు.

"ఇది యాడికి పోదు. ముందు నజీరును పిలువు. వాళ్ల నాయిన మర్ఫా నేను ఇన్న, బరాత్‌లల్ల. ఒక్కనాడు గూడ నడక తప్పలే."