రంగన్న తోక, గుట్ట మీద కళ్ళు

అనగనగా ఒక అడవి. అడవనగానే పులి, సింహం, గర్జన అని ఫిక్సైపోకండి. ఇది చిన్న అడవి. ఒక గుట్ట, గుట్ట నిండా సీతాఫలం చెట్లు, గుట్ట కింద ఒక వాగు, వాగు పక్కన ఒక రేగు పొద. అంతే సీన్.

ఆ రేగు పొద కింద ఒక నెమలి ఫ్యామిలీ ఉండేది. నాన్న పేరు రంగన్న. అమ్మ పేరు పైడమ్మ. ఆ వానాకాలంలోనే గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చిన ఆడపిల్ల ఒకటి. నెత్తి మీద అప్పుడప్పుడే కుచ్చు మొలుస్తోందని దాన్ని కుచ్చు అనే పిలిచేవాళ్ళు.

రంగన్న బిల్డప్ గురించి ముందు చెప్పాలి. అంత పొడుగు తోక అతనికి ఆ ఏడే మొదటిసారి వచ్చింది. ఇంక ఆగుతాడా? మబ్బు పడితే చాలు, వాగు ఒడ్డున దిగి తోక విప్పేసేవాడు. కుందేళ్ళు నోట్లో గడ్డి నమలడం మర్చిపోయి చూసేవి. నెమలి ఈక చివర నీలంగా, గుండ్రంగా ఉంటుంది చూశారా, దాన్ని కన్ను అంటారు. రంగన్న తోక నిండా కళ్ళే. "నా కళ్ళు చూశారా? ఇటు పక్కవి చూశారా?" వానాకాలం మొత్తం ఇదే గోల.

ఇంట్లో కూడా అంతే. కుచ్చు పరిగెత్తుకుంటూ దగ్గరికొస్తే, "ఆగాగు, అక్కడే ఆగు. తోక తొక్కుతావ్," అనేవాడు.

తర్వాత వానలు వెళ్ళిపోయాయి. మీకు దసరా సెలవులిస్తారే, ఆ టైం. మీ తెలుగు వాచకంలో శరదృతువు అని ఉంటుంది, అదే. ఆకాశం కడిగేసినట్టు ఉంది. వాగులో నీళ్ళు తేటపడి అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. పొద్దున్నే కొంచెం చలి, పది దాటితే మంచి ఎండ.

ఒక రోజు రంగన్న నిద్ర లేచి ఒళ్ళు విదిలించాడు. ఒక ఈక ఊడి కింద పడింది. పోన్లే ఒకటే కదా అనుకున్నాడు. మర్నాడు ఇంకొన్ని పడ్డాయి. చూస్తుండగానే తోక మొత్తం ఖాళీ. వెనకాల పొట్టి ముక్క ఒకటి మిగిలింది, అరిగిపోయిన చీపురులాగా.

"పైడీ, నా పని అయిపోయింది," అన్నాడు.

పైడమ్మ అటూ ఇటూ చూసింది. "ఏమైంది?"

"కనపడట్లా? తోక!"

"ఓ, అదా. రాలింది. మా నాన్నకీ ఏటా రాలేది. వానలు పోతే రాలతాయి, మళ్ళీ మొలుస్తాయి. లేవయ్యా, వాగు దగ్గరికెళ్ళి గింజలేరుకుందాం."

"ఈ మొహం పెట్టుకుని నేను బయటికి రాను."

"మొహం బానే ఉంది కదా. పోయింది వెనకాల."

రంగన్నకి జోకులు ఎక్కే మూడ్ లేదు. రాలిన ఈకలన్నీ ఏరి పొద కింద కుప్ప పెట్టాడు. గాలికి పోతాయని ఆ కుప్ప మీద కాలు పెట్టి కూర్చున్నాడు. అలా కూర్చుండిపోయాడు.

కుచ్చు వచ్చింది. "నాన్నా, వాగు ఒడ్డున రెల్లు పూసింది. మొత్తం తెల్లగా. లోపల దాక్కుంటే అమ్మకి కూడా దొరకట్లా. రా."

"నేను కాపలా ఉన్నా తల్లీ. రేపు."

మర్నాడు మళ్ళీ వచ్చింది. "నాన్నా, సాలెగూళ్ళ మీద మంచు పడింది. ఒకదాన్ని ముట్టుకుంటే అదంతా నా ముక్కు మీదే పడి తుమ్మొచ్చింది. ఎండ రాకముందే చూడాలి. రా."

"రేపు తల్లీ."

ఆ మర్నాడు కూడా వచ్చింది. "నాన్నా, తూనీగలు. ఎన్నున్నాయో. నీకోసం ఒకటి పట్టా."

"ఏదీ?"

"దారిలో తినేశా. నువ్వు రా, ఇంకోటి పడదాం."

"రేపు చూద్దాం."

ఆ తర్వాత రోజు కుచ్చు రాలేదు. సరాసరి సూదయ్య దగ్గరికెళ్ళిపోయింది. సూదయ్య అంటే పక్క బొరియలో ఉండే ముళ్ళపంది. రంగన్నని బావా అని పిలుస్తాడు, రోజంతా ఏదో ఒకటి నములుతూ గుట్ట మీద తిరుగుతాడు. కుచ్చు అతని వెనకాల పడింది.

పైడమ్మ ఇదంతా చూసింది. మామూలుగా పెద్దగా మాట్లాడే మనిషి కాదు, అదే, నెమలి కాదు. ఆ రోజు మాత్రం భర్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏమయ్యా, పిల్ల అడగడం మానేసింది. గమనించావా?"

"హమ్మయ్య, కాసేపు ప్రశాంతంగా ఉంది."

"ప్రశాంతమా? అది ఈ ఏడే మన వెనకాల తిరుగుతుంది. వచ్చే ఏడు దాని రెక్కలు దానివి, ఎటు పోతుందో. నీ తోక మళ్ళీ వస్తుంది. ఇది రాదు."

రంగన్నకి గుండెలో కలుక్కుమంది. కలుక్కుమంటే ఏం చేయాలి? లేచి పిల్ల దగ్గరికి వెళ్ళాలి. మనోడు ఏం ఆలోచించాడో చూడండి. "అందుకే కదా నా బాధ. తోక లేని నాన్నని చూసి పిల్ల సిగ్గుపడదూ? ముందు తోక సెట్ చేసుకుంటా, తర్వాత ఎక్కడికంటే అక్కడికి వస్తా."

ఈకలన్నీ ముక్కున కరుచుకుని గిజిగాడి దగ్గరికెళ్ళాడు. గూళ్ళు అల్లడంలో గిజిగాడు పెద్ద మేస్త్రీ.

"మేస్త్రీ, ఇవి నా వెనకాల కుట్టి పెట్టు."

"నేను గూళ్ళు అల్లుతానండీ. తోకలు కుట్టను."

"నీలాంటి పనివాడు ఏ అడవిలోనూ లేడంటున్నారు."

"అలా అన్నారా? ఎవరూ?"

"అందరూ."

గిజిగాడు కాసేపు ఆకాశం వైపు చూశాడు. "సరే, అటు తిరిగి నిలబడండి. మధ్యలో కదిలితే నాకు సంబంధం లేదు."

గడ్డిపరకలు తెచ్చి, ఒక్కో ఈకనీ ఆ పొట్టి ముక్కకి చుట్టి చుట్టి ముడేశాడు. పొద్దున మొదలెడితే సాయంత్రమైంది. తోక వచ్చింది. కానీ విసనకర్రలా బిగుసుకుపోయింది. ముడుచుకోదు, వంగదు. పైగా మధ్యలో సందులు. రంగన్న మెడ తిప్పి చూసుకున్నాడు.

"పెద్ద పెద్ద కళ్ళున్న ఈకలు లేవేంటి?"

"మీరు తెచ్చినవే కుట్టా. మిగతావి గాలికి పోయుంటాయి."

ఇంక రంగన్న దారిలో కనపడిన ప్రతి ఒక్కరికీ అదే చెప్పాడు. కుందేలుకి చెప్పాడు, ఉడతకి చెప్పాడు. సూదయ్య బొరియలో లేడు, గుట్ట మీదున్నాడు, లేకపోతే అతనికీ చెప్పేవాడే. "నా కళ్ళు ఎక్కడైనా కనిపిస్తే గట్టిగా ఒక కేకెయ్యండి."

ఇంటికొచ్చాడు. ఇంట్లోకి వెళ్ళబోయాడు. తోక పొదకి తగిలి ఆగిపోయింది. పక్కకి తిరిగి ట్రై చేశాడు. పట్టలేదు. రివర్స్‌లో వెళ్దామని వెనక్కి వెనక్కి నడిచాడు. ముల్లు గుచ్చుకుంది.

లోపల్నుంచి పైడమ్మ అంది, "రావయ్యా, లోపలికి రా."

"రాను. ఇక్కడ గాలి బాగుంది."

గాలి ఏం బాలేదు. చలి. లోపల ఎండుటాకులు గలగలమంటున్నాయి. పక్క సర్దుకుంటున్నారు. కుచ్చు ఏదో చెప్తోంది, సూదయ్య మామ ఇలా అన్నాడు, అలా పడ్డాడు అని. పైడమ్మ పడీ పడీ నవ్వుతోంది.

"ఏంటి నవ్వుతున్నారు?" రంగన్న బయట్నుంచి అడిగాడు.

"ఇక్కడికొచ్చి వింటే అర్థమవుతుంది," అంది పైడమ్మ.

రంగన్న రెక్కలు దగ్గరికి ముడుచుకున్నాడు. మంచు కురిసి గడ్డి ముడులు తడిసి బరువెక్కాయి. సొంత ఇంటి ముందు అతిథిలా నిలబడి నిలబడి అలాగే కునుకు తీశాడు.

తెల్లారి లేచేసరికి పొద ఖాళీ. తల్లీపిల్లా అప్పుడే ఎటో వెళ్ళిపోయారు. అప్పుడు వినిపించింది, గుట్ట పైనుంచి సూదయ్య గొంతు.

"కళ్ళు తెరిచాయోయ్! గుట్ట మీద కళ్ళు తెరిచాయి, అందరూ రండి!"

రంగన్న ఎగిరి గంతేసినంత పని చేశాడు. నా కళ్ళు దొరికాయి అనుకున్నాడు. పరుగు. చూస్తే పక్కనే కుందేళ్ళు పరిగెడుతున్నాయి. ఉడతలు పరిగెడుతున్నాయి. వెనకాల ఎలుగుబంటి ఆయాసపడుతూ వస్తోంది. "నా ఈకల కోసం ఇంతమంది పరిగెడుతున్నారా? నిజంగా మంచోళ్ళు," అనుకుని రంగన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

గుట్ట ఎక్కే దారంతా ముళ్ళ కంపలే. ఒక కంప ఒక ఈక లాగేసింది. ఇంకో కంప రెండు లాగింది. ముడులు తడిసి ఉన్నాయి కదా, వదులైపోయాయి. పైకెళ్తే పెద్దవి దొరుకుతాయనే ఆశలో రంగన్న ఆగలేదు. గుట్ట మీదకి చేరేసరికి ఒక్కటంటే ఒక్క ఈక లేదు. మళ్ళీ అదే చీపురు ముక్క.

"ఏవి? నా కళ్ళు ఏవి?" అన్నాడు రొప్పుతూ.

సూదయ్య చెట్టు వైపు చూపించాడు. "ఇవిగో."

చెట్టుకి సీతాఫలాలు. అందరూ కోస్తున్నారు, ఏరుకుంటున్నారు, కొట్టుకుంటున్నారు.

"ఈకలు ఏవి?"

"ఈకలేంటి బావా? కాయలు కళ్ళు తెరిచాయని పిలిచా."

మీలో సీతాఫలం చెట్టు చూసినవాళ్ళకి తెలుసు. పచ్చికాయ మీద గళ్ళు బిగుసుకుని ఉంటాయి. తయారయ్యే టైంకి ఆ గళ్ళ మధ్య గీతలు విచ్చుకుని తెల్లగా అవుతాయి. దాన్నే కాయ కళ్ళు తెరిచింది అంటారు. అప్పుడు కోసి దాచిపెడితే పండుతుంది. రెండు రోజులు లేట్ చేస్తే పిట్టలు పొడిచేస్తాయి.

విషయం అర్థమై ఎలుగుబంటి నవ్వింది. కుందేళ్ళు నవ్వాయి. రంగన్నకి భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. అంతలో గాలి లేచింది. కింద కంపలకి వేలాడుతున్న అతని ఈకలు ఒక్కొక్కటే ఊడి వాగు వైపు కొట్టుకుపోతున్నాయి. ఇప్పుడు పరిగెడితే సగమైనా దొరుకుతాయి. రంగన్న వెనక్కి తిరిగాడు.

"నాన్నా."

కుచ్చు. ఒక చెట్టు కింద మెడ చాచి నిలబడింది. "ఆ చివరి కొమ్మకి ఉంది చూడు, పెద్దది. నాకు అందట్లా. కోసి పెట్టవా?"

పిల్ల మళ్ళీ అడిగింది.

రంగన్న కిందకి చూశాడు. ఒక ఈక వాగులో పడింది, నీళ్ళ మీద తిరుగుతూ పోతోంది. ఇంకోటి దాని వెనకాలే పడింది. మళ్ళీ పిల్ల వైపు చూశాడు.

"ఏదీ, ఆ ఎర్రాకు పక్కదేనా?" అన్నాడు.

ఎగిరాడు. తను ఇంత తేలిగ్గా లేస్తాడని తనకే తెలీదు. తోక ఉన్నప్పుడు ఆ సన్న కొమ్మ మీద వాలితే కొమ్మ విరిగేది. ఇప్పుడు ఊగింది, అంతే. కాయ తెంపి కింద పడేశాడు.

కుచ్చు కాయని చూసి, నాన్నని చూసింది. "నాన్నా, నీ తోకేది?"

"దారిలో పడిపోయింది."

"ఓ. ఆ పక్కది కూడా కొయ్యి."

"కుచ్చూ, నీకు సిగ్గుగా లేదా?"

"దేనికి?"

రంగన్న ఇంకో రెండు కాయలు తెంపి కిందకి దిగాడు. కుచ్చు వచ్చి అతని పక్కన ఒళ్ళు ఆనించి నిలబడింది. "ఇప్పుడు ఇక్కడ నిలబడొచ్చు కదా? తొక్కడానికి ఏం లేదుగా."

రంగన్న ఇంకొంచెం దగ్గరికి జరిగి, "నిలబడు, నిలబడు," అన్నాడు.

అవతలి చెట్టు కింద పైడమ్మ ఏరి పెట్టినవి కూడా కలిపి, కాయలన్నీ ముగ్గురూ దొర్లించుకుంటూ ఇంటికి తెచ్చారు. పొదలోకి రంగన్న బాణంలా దూరిపోయాడు. ఎండుటాకులు లోతుగా పరిచి, మధ్యలో కాయలు పెట్టి, పైన మళ్ళీ ఆకులు కప్పారు. ఇంక పండేదాకా ఆగాలి.

కుచ్చు ఆగే రకం కాదు. గంటకోసారి ఆకులు తీసి ముక్కుతో పొడవబోవడం, పైడమ్మ అరవడం. "పొడిస్తే కుళ్ళుతుందే!" దాని ధ్యాస మళ్ళించాలంటే ఎవరో ఒకరు బయటికి తీసుకెళ్ళాలి. ఆ డ్యూటీ రంగన్న తీసుకున్నాడు. పొద్దున్నే సాలెగూళ్ళ మీద మంచు చూశారు, ఇద్దరికీ తుమ్ములొచ్చాయి. తూనీగల వెనకాల పడి వాగులో జారిపడ్డారు. రెల్లులో దాక్కుంటే ఈసారి పైడమ్మకి రంగన్న అస్సలు దొరకలేదు. సాయంత్రం ముగ్గురూ ఇంట్లో ఒకరికొకరు ఆనుకుని, సూదయ్య పడిన కథ మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకున్నారు. రంగన్న తెగ నవ్వాడు.

చివరికి పొద అంతా తియ్యటి వాసన. పండ్లు మెత్తబడ్డాయి. ముక్కుతో అలా నొక్కితే విడిపోయాయి. ముగ్గురూ ఎండలో కూర్చుని తిన్నారు. తినగానే పోటీ మొదలైంది, గింజ ఎవరు ఎంత దూరం ఊస్తారో.

అప్పుడు సూదయ్య వచ్చాడు. రంగన్న వెనకాల చూసి ఆగాడు.

"బావా, శుభవార్త. నీకు కొత్త ఈకలు మొలుస్తున్నాయ్. చిన్న చిన్న మొలకలు. చూసుకున్నావా?"

రంగన్న నోటి నిండా గింజలు. ఆగమన్నట్టు ఒక కాలు ఎత్తాడు. మెడ వెనక్కి లాగి తుప్‌మని ఊశాడు. గింజ వెళ్ళి రాయి అవతల పడింది.

"చూడలేదు బావా," అన్నాడు. "ముందు ఆ గింజ చూడు. నాది దూరం పడిందా, దీనిదా?"

"నాదే," అంది కుచ్చు.

"తొండి చేయకు."

సూదయ్య నిట్టూర్చి, ముళ్ళు సర్దుకుని, దూరం కొలవడానికి వెళ్ళాడు.

నీతి: రాలిపోయినవాటికి కాపలా కూర్చుంటే పండుతున్నవి కంటపడవు, అందుకే ఇంట్లోవాళ్ళు "రా, చూద్దువు గాని" అన్నప్పుడే లేచి వెళ్ళాలి.