కొండలో లేని దారి

నూట అరవై ఏళ్ల కిందట, అమెరికాలో పడమటి కొండల దిగువన ఒక చిన్న ఊళ్లో, చేయి తిరిగినవాడే అయినా పొగడ్త కోసం నిజాన్ని పక్కన పెట్టేసే ఎజ్రా హోల్కమ్ అనే చిత్రకారుడు ఉండేవాడు.

ఒకసారి అతను ఊరి ఎదుటి కొండను గీశాడు. ఆ కొండ మధ్యలో, పైకెక్కితేనే కనిపించే నిలువెత్తు రాతిగోడ ఉంది. బొమ్మలో అది మోటుగా ఉందని, దాని చోట పచ్చని లోయ, అందులోంచి అవతలికి సన్నని దారి వేశాడు. సత్రంలో వేలాడదీస్తే, ఆ కొండ ఎప్పుడూ ఎక్కని ఊరంతా మెచ్చుకుంది.

చలికాలం దగ్గర పడుతుండగా మూడు ఎడ్లబళ్లలో కొన్ని కుటుంబాలు ఆ సత్రంలో దిగాయి. వాళ్లకు పెద్దదిక్కు హానా అనే ఆవిడ. మంచు పడకముందే కొండ దాటాలి. చుట్టుదారిన వెళ్తే పన్నెండు రోజులు. ఆమె బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది.

"ఈ దారి మీరు కళ్లారా చూశారా?" అని ఎజ్రాను అడిగింది.

సత్రంలో ఉన్నవాళ్లందరూ అతని వైపే చూస్తున్నారు.

"చూడకుండా ఎలా గీస్తానమ్మా?" అన్నాడు.

తెల్లవారేసరికి బళ్లు వెళ్లిపోయాయి. కాసేపటికే కొండను మబ్బు కమ్మేసింది. ఎజ్రా కుంచె పట్టుకున్నాడు కానీ చూపు కొండ మీదే ఉంది. ఆ బళ్లలో చంటిపిల్లలున్నారు. కుంచె పడేసి గుర్రమెక్కాడు.

సగం కొండ ఎక్కేసరికి మంచు మొదలైంది. బళ్లు రాతిగోడ ముందు, ఇరుకైన అంచు మీద ఆగిపోయి ఉన్నాయి. పక్కనే అగాధం. వెనక్కి తిప్పే చోటు లేదు. అతన్ని చూడగానే హానా ముఖం తేటపడింది.

"మలుపు తప్పినట్టున్నాం. లోయ ఎటు?" అంది.

"లోయ లేదమ్మా. అది నా కల్పన. నిన్న మీకు అబద్ధం చెప్పాను."

హానా బళ్ల వైపు తిరిగింది. "ముందు పిల్లల్ని దించండి" అంది.

బళ్లు వదిలేశారు. ఎజ్రా ఒక పసిపాపను కోటులో చుట్టుకుని, మంచులో ఒక్కో అడుగూ తడిమి చూస్తూ ముందు నడిచాడు. రెండు ఎడ్లు కాలుజారి అగాధంలో పడ్డాయి. మనుషులు మాత్రం చీకటిపడేలోగా క్షేమంగా దిగారు. విత్తనాలు, పనిముట్లు, దుప్పట్లు, అన్నీ మంచులో కూరుకుపోయాయి.

"మీరొచ్చి చెప్పారు, బతికాం. నిన్ననే చెప్పి ఉంటే ఏదీ పోయేది కాదు" అంది హానా.

ఎజ్రా తలవంచుకున్నాడు. ఆ చలికాలమంతా తన ఇల్లు వాళ్లకు విడిచిపెట్టి, తాను గుర్రపుసాలలో పడుకున్నాడు.

మన మాట నమ్మి అడుగు వేసేవాళ్లు ఉంటారు. నలుగురిలో చిన్నబోతామని నిజం దాచకూడదు.