పోలవ్వ మౌనం

బంగారి బాధల్లా ఒక్కటే. తన గొంతు సన్నం. తత్త్వం ఎత్తుకుంటే నాలుగిళ్ళు దాటదు.

ఆమె గురువు పోలవ్వ పాడితేనా, ఒడ్డున వలలు లాగేవాళ్ళు కూడా చేతులాపి వినేవాళ్ళు. బొంగురు గొంతు. తుఫానుకి ముందు సముద్రం లోలోపల ఉరిమినట్టు ఉండేది. ఆ గొంతు మీద మోజుతోనే బంగారి పదిహేడో ఏట వచ్చి, సరుగుడు తోటలో పోలవ్వ పాకలో శిష్యురాలిగా ఉండిపోయింది.

నాలుగేళ్ళయింది. పాటలన్నీ వచ్చాయి. ఆ గొంతు మాత్రం రాలేదు.

కిందటి కార్తీకం నుంచి పోలవ్వ పాడటం లేదు. మాట్లాడటమూ లేదు. అన్నీ చేతి సైగలే. తిండి కూడా తలుపు వేసుకుని ఒక్కతే తింటుంది. అవ్వ మౌనం పట్టిందన్నారు పేటలో. ఆ మౌనానికి దండం పెట్టుకోవడానికి సోమవారం సోమవారం ఆడవాళ్ళు వచ్చి వాకిట్లో కూర్చునేవాళ్ళు. అందరి నోళ్ళలోనూ అడ్డపొగే. సముద్రపు గాలికి ఆరిపోకుండా చుట్టని తిరగేసి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు ఆ పేట ఆడవాళ్ళు. పోలవ్వా అలాగే పీల్చేది, పన్నెండో ఏట నుంచీ.

అక్కడే తట్టింది బంగారికి. అవ్వ గొంతుకి ఆ బరువు ఆ నిప్పులోంచే వచ్చి ఉంటుంది!

ఎవరికీ చెప్పకుండా మొదలెట్టింది. మొదట అంగిలి కాలింది. తర్వాత మొద్దుబారింది. చిగుళ్ళు వాచి, పళ్ళు తోముకుంటే నెత్తురు పడేది. ఇటుకపొడి వేసి ఇంకా గట్టిగా తోమేది. ముందు పన్ను ఒకటి నాలుకతో తోస్తే కదులుతోంది. గొంతు మాత్రం కాస్త బొంగురుపోయింది. చాల్లే అనుకుంది. మనసిచ్చినవాడు పెట్టిన కానుకలాగా ఆ నొప్పిని ముద్దుగా దాచుకుంది.

ఒక సోమవారం, వాకిలి నిండాక, అవ్వకి గంజి పట్టుకుని లోపలికెళ్ళింది. ఇంక ఆగలేకపోయింది.

"అవ్వా, ఓపాలి నా ఏపు సూడు," అంది. చుట్ట వెలిగించి, నిప్పు లోపలికి తిప్పి పెట్టుకుని పెదాలు మూసింది. ముక్కులోంచి పొగ వదిలింది. చుట్ట తీసి నవ్వింది. "అచ్చం నీలాగే! ఆర్నెల్ల నుంచీ పీలుత్తున్నాను. గొంతు మారిపోనాది. ఇను."

పాట ఎత్తుకుంది.

పోలవ్వ చివరిదాకా వినలేదు. మధ్యలోనే లేచి, తలుపు గడియ పెట్టి వచ్చింది. గంజి గిన్నె తీసుకుని, మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఇన్నాళ్ళూ ఎవరి ఎదుటా తినని మనిషి, గుక్కెడు గంజి నోట్లో పోసుకుంది.

గంజి ముక్కులోంచి కారింది.

పైపెదవి మీదుగా, తెల్లగా, మెతుకుతో సహా. పోలవ్వ తుడుచుకోలేదు. మిగిలిందంతా తాగింది. అదీ కారింది.

"ఓలమ్మ! ఏటవ్వా ఇది?"

పోలవ్వ ఆమె చెయ్యి పట్టుకుని, చూపుడువేలుని తన నోట్లో పెట్టుకుంది. పైవరసలో పన్నన్నది తగల్లేదు. చిగుళ్ళు తడితోలులా మెత్తగా ఉన్నాయి. అంగిలి ఉండాల్సిన చోట వేలు ఆనలేదు. పైకి పోయింది.

బంగారి తన చెయ్యి లాక్కుంది.

అప్పుడు పోలవ్వ పాడింది. బంగారి మధ్యలో వదిలేసిన పాటే. గాలంతా ముక్కులోకి పోయి, చిల్లుపడ్డ శంఖం ఊదినట్టు ఒక బుస వచ్చింది. ఏ పాటో తెలిసిన బంగారికే ఒక్క మాటా అందలేదు.

బయట ఎవరో, "అవ్వ బుస ఇన్నారా? యోగం ముదిరిపోనాదే!" అంది.

"వాగకు, దండం ఎట్టు," అంది ఇంకొకామె.

బంగారి గొంతు తగ్గించి అడిగింది. "అయితే... మౌనం కాదా అవ్వా?"

పోలవ్వ తల అడ్డంగా ఊపింది. రెండు వేళ్ళతో ముక్కు నొక్కి పట్టుకుని, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అంది.

"గొంతు మాయమ్మ కడుపులోంచి ఒచ్చినాది. ఈ సిల్లే, సుట్టలోంచి ఒచ్చినాది."

బంగారి నోట్లో ఉప్పగా తగిలింది. కదిలే పన్నుకి నాలుక ఆనించింది. వాకిట్లో ఆడవాళ్ళు వదిలిన పొగ తడికె సందుల్లోంచి నెమ్మదిగా లోపలికి వస్తోంది.

"నానెల్లి ఆల్లకి సెప్పేత్తాను," అని లేచింది.

పోలవ్వ ఆమె కొంగు పట్టుకుని ఆపింది. ఖాళీ గిన్నె చేతికిచ్చి, మళ్ళీ ముక్కు నొక్కుకుంది.

"గెంజి పొయ్యి. ఒక్కొక్కరినీ లోపలికి రమ్మను."