వెనక నీళ్లు

ఒక ఏటి ఒడ్డున ఒక అక్క, ఒక తమ్ముడు ఉండేవారు. ఇసుక కడిగి బంగారం తీయడం వాళ్ల బతుకు. ఏరు ఎప్పుడో దారి మార్చుకుని వదిలేసిపోయిన పాత ఇసుక దిబ్బ ఒకటి వాళ్ల గుడిసె పక్కన ఉండేది. అంతకు మించి వాళ్లకు ఆస్తి లేదు. ఆ దిబ్బ కరిగిపోయిందంటే ఇద్దరూ మూటాముల్లె సర్దుకుని ఎక్కడికో కూలికి పోవలసిందే.

దిబ్బలో బంగారం ఉంది గానీ అది పసుపు కన్నా మెత్తటి పొడి. చెక్క పళ్లెంలో ఎంత ఓపిగ్గా కడిగినా సగం నీళ్లతోపాటే జారిపోయేది. ఏట్లో కలిసిన ఇసుకను మళ్లీ వెనక్కి తెచ్చుకోవడం ఎవరి తరం? అందుకని దాచుకున్నదంతా మూటగట్టుకుని, మెత్తటి పొడిని కూడా తిప్పి పట్టే తిరుగుడు గిన్నె కొందామని ఇద్దరూ పట్నం వెళ్లారు.

అంగట్లో మూడు గిన్నెలున్నాయి. ఒకటి బండి చక్రమంత వెడల్పు. ఒకటి తళతళా మెరిసిపోతోంది. మూడోది అన్నం గిన్నెకు కాస్త పెద్దది, ఏ ఆర్భాటమూ లేకుండా మూలన కూర్చుంది. తమ్ముడి చూపు బండి చక్రమంత గిన్నె మీద అతుక్కుపోయింది.

"దీనికెన్ని నీళ్లు కావాలి?" అని అక్క అడిగింది.

"మీ ఏరు మొత్తం" అన్నాడు అంగడివాడు.

"ఎండాకాలం మా ఏట్లో మోకాలి లోతు కూడా ఉండదు. ఆ మూలది చూపించు నాయనా."

తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. పరాయివాడి ముందు అక్క మాటే నెగ్గింది మరి.

అంగడివాడు చిన్న గిన్నెను వంచి చూపించాడు. లోపలి గోడ చుట్టూ లోతు గీతల్లా వరసగా గాళ్లు, ఆ గాళ్ల నిండా సూది మోపినంత చిల్లులు. "ఇసుక, నీళ్లు కలిపి పైనుంచి పోస్తారు. గిన్నె గిర్రున తిరిగి బరువైనదాన్ని గోడకు నొక్కుతుంది. వెనక నుంచి మంచినీళ్లు ఈ చిల్లుల్లోంచి లోపలికి తోస్తుంటాయి. ఆ వెనక నీళ్లు మాత్రం ఎప్పుడూ కట్టేయొద్దు. మధ్యమధ్య గిన్నె ఆపి గాళ్లు కడుక్కోండి."

"ఇది నొక్కుతుంటే అది తోయడమేమిటి? ఒకరు పట్టుకోమంటే ఒకరు వదలమన్నట్టుంది" అన్నాడు తమ్ముడు.

"అదంతే బాబూ" అన్నాడు అంగడివాడు. అతనికి ఇంకో బేరం వచ్చింది, అటు వెళ్లిపోయాడు.

గిన్నె, దాన్ని తిప్పే ఇంజనుతో సహా ఏటి ఒడ్డుకు చేరింది. ఇంజను మోతకు దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. తమ్ముడు గిన్నె పక్కన బల్ల వేసుకుని, తలపాగా చుట్టుకుని దర్జాగా కూర్చునేవాడు. అక్క మాత్రం వెనక నిలబడి ఏదో ఒకటి అంటూనే ఉండేది. "రాళ్లు జల్లించకుండా పోశావు." "బురద నీళ్లు పెట్టకు, చిల్లులు పూడుకుపోతాయి." "ఒక్కసారి ఆపి చూసుకోరా." "గిన్నెలోంచి ఏట్లోకి పోయేదాన్ని పళ్లెంలో పట్టి చూడు."

ఆమెది కీచుగొంతు, ఆ మాట ఒప్పుకోవాలి. పైగా పదిమంది గిన్నెను మెచ్చుకుంటున్న సమయంలోనే ఆమెకు లోపాలన్నీ కనబడేవి.

ఒకరోజు తమ్ముడు గిన్నెలోకి తొంగి చూశాడు. గాళ్లలో కుదురుకోబోతున్న ఇసుకను వెనక నీళ్లు కదిపేస్తున్నాయి. అతనికి ఒళ్లు మండింది. నేను పట్టుకోమంటుంటే ఇది వెళ్లగొడుతోందా అనుకుని వెనక నీళ్ల కుళాయి కట్టేశాడు. గిన్నెలో ఇసుక కదలకుండా కూర్చుంది. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంది.

అదే ఊపులో అక్క వైపు తిరిగాడు. "ఇకనుంచి నువ్వు వెనక నుంచి మాట్లాడొద్దక్కా. గిన్నె సంగతి నేను చూసుకుంటాను."

అక్క "సరే" అంది. అదే ఆఖరి మాట. అన్నం పెట్టేది, నీళ్లు తోడేది, పెదవి విప్పేది కాదు. మొదట్లో తమ్ముడికి ప్రాణం హాయిగా ఉంది.

ఏటికి దిగువన ఒక ఒంటరి ఆడమనిషి ఉండేది. పాత పళ్లెంతో ఏటి ఇసుక కడుక్కుని, దొరికిన రోజున గంజి తాగే మనిషి. కుళాయి కట్టేసిన మర్నాటి నుంచి ఆమె పొద్దున్నే వచ్చి గిన్నెకు దండం పెట్టడం మొదలుపెట్టింది. "నువ్వు చల్లగా ఉండాలన్నా. నీ గిన్నె కలకాలం తిరగాలి." తమ్ముడి ఛాతీ ఉబ్బిపోయేది. పరాయి మనిషికి ఉన్న అభిమానం సొంత అక్కకు లేదు గదా అనుకునేవాడు.

సాయంత్రం చూస్తే గాళ్లలో నల్ల ఇసుక గచ్చు సున్నంలా బిగుసుకుపోయి ఉండేది. ఉలితో గీకితే గానీ ఊడేది కాదు. ఊడిందాన్ని కడిగితే అడుగున నాలుగు బంగారు రవ్వలు. దిబ్బలోనే సరుకు లేదని దిబ్బను తిట్టుకుని, మర్నాడు ఇంకాస్త ఎక్కువ ఇసుక పోసేవాడు. పొద్దు వృథా అవుతుందని మధ్యలో ఆపడం మానేశాడు.

దిబ్బ సగానికి తరిగింది. దాన్ని చూసినప్పుడల్లా అతని గుండెల్లో దడ పుట్టేది. అది తగ్గడానికి దిగువ మనిషి దీవెన కోసం ఎదురుచూసేవాడు. ఈమధ్య ఆమె ముక్కుకు కొత్త పుడక వచ్చింది. "బాగుందమ్మా" అని కూడా అన్నాడు.

ఒకనాడు కుళాయి లోపలి వాషరు అరిగిపోయింది. వెనక నీళ్లు వాటంతటవే చిల్లుల్లోకి ఎక్కాయి. ఇంజను మోతలో తమ్ముడికి ఆ సంగతి తెలియలేదు. ఆ సాయంత్రం గిన్నె కడగబుద్ధి కూడా కాలేదు. రోజూ చూసే నాలుగు రవ్వలే గదా అని అలాగే వదిలేసి పడుకున్నాడు.

పొద్దున్నే దిగువ మనిషి వచ్చింది. దండం పెట్టలేదు. ఖాళీ పళ్లెం చంకన పెట్టుకుని నిలబడింది.

"గిన్నెకేమైందన్నా? పాడైందా?"

"పాడవడమేమిటి? నిన్నంతా నిక్షేపంగా తిరిగింది."

"నిన్న పొద్దుగూకేదాకా కడిగాను. ఒక్క రవ్వ పడలేదు." ఆమె మళ్లీ అంది. "నామీద కోపం వచ్చిందా అన్నా? ఇన్నాళ్లూ నాకోసమే బంగారం వదులుతున్నావనుకున్నాను. అందుకే రోజూ వచ్చి దండం పెట్టుకున్నాను."

ఆమె ఎగతాళి చేయడం లేదు. నిజంగానే అలా అనుకుంది.

తమ్ముడు వెళ్లి గిన్నెలో వేలు పెట్టాడు. ఉలి అక్కర్లేకపోయింది. ఇసుక తడిపిన పిండిలా మెత్తగా ఉంది. పక్కకు తోస్తే గాడి పొడుగునా పసుపు రాసినట్టు సన్నటి గీత. కుళాయి చూస్తే కారుతోంది. వెనక నుంచి కదిపేది ఉంటేనే ఇసుకలో సందు పుడుతుందనీ, ఆ సందులోంచే బరువైన రవ్వ లోపలికి దిగుతుందనీ, బిగుసుకుపోయిన గాడి మీద బంగారం కూడా జారిపోతుందనీ అప్పటికి అతని బుర్రకెక్కింది. తరిగిపోయిన దిబ్బ వైపు చూశాడు. ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు.

గుడిసె వెనక అక్క బియ్యం చెరుగుతోంది. వెళ్లి ఎదురుగా కూలబడ్డాడు.

"అక్కా, ఏదైనా అను."

ఆమె చేట ఆడిస్తూనే ఉంది. "ఏమనమంటావు?" అంది.

"ఏదో ఒకటి. రాళ్లు జల్లించలేదని అను."

అక్క చేట దించింది. "సగం దిబ్బ ఏటిపాలు చేశావు కదరా, మొద్దు వెధవా. నువ్వు నోరు మూసుకోమంటే మూసుకున్నాను చూడు, నాకైనా బుద్ధుండాలి." అంటూ అంటూ ఆమె గొంతు మళ్లీ కీచుగా లేచింది. ఆ గొంతు విని తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది.

దిగువ మనిషి ఇంకా ఏటి ఒడ్డునే నిలబడి ఉంది. అక్క ఆమెను పిలిచి అన్నం పెట్టింది.

"ఇకనుంచి మాతోపాటే తిను చెల్లీ" అన్నాడు తమ్ముడు. "గిన్నెలోంచి బయటికి పోయేదాన్ని నీ పళ్లెంలో పట్టి కడుగుతూ ఉండు. మెరుపు కనబడిందంటే మాత్రం వెంటనే నన్ను గట్టిగా దీవించు."

ఆ ఏర్పాటు ఆమెకు అర్థం కాలేదు. అన్నం అర్థమైంది. సరేనంది.

కొన్నాళ్లకు ఒక బాటసారి దాహమై ఆ ఒడ్డున ఆగాడు. మిగిలిన దిబ్బ మెల్లగా తరుగుతోంది. గుడిసెకు కొత్త కప్పు పడింది. ఇంతలో దిగువ నుంచి కేక వినబడింది. "చల్లగా ఉండాలన్నా! నీ గిన్నె కలకాలం తిరగాలి!"

ఆ మాట చెవిన పడగానే బల్ల మీది మనిషి ముఖం మాడ్చుకుని లేచి ఇంజను ఆపేశాడు. వెంటనే వెనక నుంచి ఒక కీచుగొంతు అందుకుంది. "చెవిటి మాలోకమా, ఎప్పుడనగా ఆపమన్నాను?" అతను ఆ తిట్లు వింటూ, చిన్నగా నవ్వుకుంటూ, గాళ్లు కడుక్కోసాగాడు.

"ఇదేం ఇల్లయ్యా? దీవిస్తే ముఖం మాడుస్తావు, తిడితే నవ్వుతావు" అన్నాడు బాటసారి.

తమ్ముడు చేతులు తుడుచుకుని చెంబుతో నీళ్లిచ్చాడు.

"కూర్చోండి. భోజనం చేసి వెళ్దురుగాని. మా అక్క మిమ్మల్ని కూడా ఏదో ఒకటి అంటుంది."