ఇసుక కింద దాగిన మల్లేరు

ఒకప్పుడు భూమి లోపల చుక్క నీరు ఉండేది కాదు. తవ్వితే మట్టి, ఇంకా తవ్వితే ఇంకా మట్టి! ఉన్న నీళ్లన్నీ పైనే. నమ్మబుద్ధి కావడం లేదా? నమ్మకపోతే మానేయండి, నేను మాత్రం చెప్పడం ఆపను.

ఆ రోజుల్లో మల్లేరు అని ఒక చిన్న నది ఉండేది. గలగలా ఒకటే మాటలు. కొంగలతో మాట్లాడేది, రేగుపొదలతో మాట్లాడేది, ఎవరూ దొరక్కపోతే తనలో తనే మాట్లాడుకునేది. పొద్దు వాలితే మాత్రం నోరు మూసుకుని, ఆకాశం వంక చూస్తూ పడుకునేది. ఆకాశమంటే దానికి అంత ఇష్టం.

ఆ ఏటి ఇసుకలో కర్బూజా పాదులు పెట్టుకుని బతికేది సుంకులమ్మ. మాట కరుకు, మనసు వెన్న.

ఒక ఏడు ఎండలు మండిపోయాయి. సూర్యుడికి దాహం పట్టుకుంది. పొద్దున ఒక గుక్క, మధ్యాహ్నం ఒక గుక్క. తాగినకొద్దీ దాహమే! నది పిల్లకాలువైంది, కాలువ మడుగైంది. చివరికి ఏటి మధ్యలో చాపంత నీళ్లు మిగిలాయి.

"అక్కా, నా పని అయిపోయింది" అని ఏడ్చింది మల్లేరు. "ఈ కాస్తా ఆవిరైపోతే, రేపు వానొచ్చినా నాకు దారి గుర్తుండదు. ఎక్కడ వంపు తిరగాలో ఎవరు చెప్తారు? ఆ వచ్చేది ఇంకేదో నది. నేను కాదు."

సుంకులమ్మ ఆ నీళ్ల పక్కనే చతికిలబడింది. పైకి మాత్రం "ఛీ, నోర్ముయ్! అవేం మాటలు?" అని కసిరింది. ఏం చెయ్యాలో తోచక అటూ ఇటూ చూస్తే, ఆమెకి తన మజ్జిగ ముంత గుర్తొచ్చింది.

ఎండాకాలం పాదుల దగ్గరికి వచ్చేవాళ్లు మజ్జిగ ముంతని ఊరికే పైన పెట్టరు. ఇసుకలో గుంట తీసి, ముంత దింపి, మూత పెట్టి, పైన ఇసుక కప్పేస్తారు. మిట్టమధ్యాహ్నం తీసి తాగినా మజ్జిగ చల్లగా ఉంటుంది.

"నువ్వూ ఇసుకలోకి దిగవే పిల్లా. పైన నేను కప్పుతాను."

"అమ్మో! లోపలంతా చీకటి. ఆకాశం కనపడదు. నాకు భయం."

"రోజూ పొద్దు వాలగానే వచ్చి కాస్త ఇసుక తీస్తాను. ఆకాశం చూసుకుందువుగాని."

"ఒట్టు?"

"ఒట్టే! దిగు తల్లీ, ఆయన వచ్చేస్తున్నాడు!"

మల్లేరు గట్టిగా కళ్లు మూసుకుని ఇసుకలోకి ఇంకిపోయింది. సుంకులమ్మ పైన రెండు చేతులా జోకొడుతూ ఇసుక సర్దింది.

సూర్యుడు వచ్చి చూశాడు. "ఏమ్మా, నది ఏది?"

"నన్నడుగుతావేం సామీ? తాగింది నువ్వు."

"మరి నీ కర్బూజాల్లో అన్ని నీళ్లెక్కడివి?"

"అదంతా నా చెమట!"

సూర్యుడు ఉక్రోషంతో ఇసుకంతా కాలిపోయేలా కాసి, పడమటికి వెళ్లిపోయాడు.

సాయంత్రం సుంకులమ్మ పార తెచ్చి గబగబా తవ్వింది. ఇసుక జారి నీళ్లన్నీ బురదయ్యాయి. "మెల్లగా అక్కా! కళ్లలో పడింది" అని మూలిగింది మల్లేరు. మర్నాటి నుంచి ఆమె పార మానేసి, కొబ్బరి చిప్పతో నెమ్మదిగా తీసేది. ఆ చిన్న గుంటలోకి నీరు ఊరి, తేరుకుని, అందులోకి ఆకాశం వచ్చి కూర్చునేది. ఆ గుంటనే చెలమ అన్నారు. ఇద్దరూ చీకటి పడేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్లు. తర్వాత ఆమె నాలుగు చిప్పలు పాదులకి పోసి, ఒక చిప్ప తను తాగి, ఇసుక కప్పి ఇంటికి వెళ్లేది.

ఒకరోజు సుంకులమ్మ రాలేదు. మర్నాడూ రాలేదు.

"ఒట్టు పెట్టి మరీ మర్చిపోయింది చూడు!" అని మల్లేరు అలిగింది. అలక ఎంతసేపు? కాసేపటికే దిగులు పట్టుకుంది. అక్కకేమన్నా అయిందేమో! పైకొచ్చి వెళ్దామంటే సూర్యుడు తాగేస్తాడు. ఇంక ఉన్నది నేల లోపలి దారే. అక్కడ చెలమ వెలుగు కూడా ఉండదు.

వణుకుతూనే బయల్దేరింది. రాళ్ల సందుల్లోంచి, చీమల పుట్టల కిందుగా, తడుముకుంటూ తడుముకుంటూ. "సుంకులమ్మ ఇల్లెటు?" అని వేళ్లని అడిగింది. "ఇటు" అంది రేగు వేరు. "ఇంకొంచెం ఇటు" అంది వేప వేరు. తప్పిపోతానేమోనని నడిచినంత దూరం తనని కొంచెం కొంచెం మట్టిలో వదులుతూ నడిచింది.

సుంకులమ్మ జ్వరంతో కాలిపోతూ నేల మీద పడుకుని ఉంది. ఇంట్లో కుండలన్నీ ఖాళీ. మొగుడు పుల్లన్న పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు.

ఉన్నట్టుండి ఆమె చెంప కింద నేల చల్లబడింది. "ఏమయ్యా, పెరట్లో తవ్వు" అంది.

"పలవరిస్తున్నావా? నేల కింద నీళ్లుంటాయటే ఎక్కడైనా?"

"తవ్వవయ్యా మహానుభావా!"

పుల్లన్న తవ్వాడు. నడుము లోతున చెమ్మ. మనిషి లోతున నీళ్లు! ముంతతో తెచ్చి తాగించి, తడిగుడ్డ నుదుటి మీద వేశాడు. జ్వరం దిగిపోయింది. సుంకులమ్మ లేచి, గోడ పట్టుకుని నడిచి, ఆ గోతిలోకి వంగి చూసింది.

"చీకటంటే భయమన్నావు. ఇంత దూరం ఎలా వచ్చావే?"

"భయమేసింది అక్కా. కానీ నువ్వు రాలేదుగా."

సుంకులమ్మ ఇంక కసరలేకపోయింది. భోరున ఏడ్చేసింది.

తర్వాత వానలు పడ్డాయి. మల్లేరు తన పాత వంపులన్నీ తిరుగుతూ పైన పారింది. కానీ లోపలి దారిని మాత్రం వదల్లేదు, అక్కడ కూడా నడుస్తూనే ఉంది.

అప్పటినుంచే, ఏరు ఎండి ఇసుక తేలిన రోజుల్లో కూడా ఆ ఒడ్డు ఊళ్లలో బావి తవ్వితే నీళ్లు పడతాయి. పైన ఎండ ఎంత మండినా ఆ నీళ్లు చల్లగానే ఉంటాయి. జ్వరం వచ్చిన మనిషిని వెతుక్కుంటూ వచ్చిన నీళ్లు మరి, వేడిగా ఎలా ఉంటాయి?