ఒక్క గుక్కలో మూడు పేర్లు

అనగా అనగా, ఎండ కూడా మిట్టమధ్యాహ్నం కాసేపు కునుకు తీసే రోజుల్లో, ఒక మిరపకాయల ఊరు. వేసవి వస్తే ఆ ఊరి కల్లాలన్నీ ఎర్రగా, సంధ్యాకాశం నేలమీదికి దిగి పడుకున్నట్టు ఉండేవి.

ఆ ఊళ్ళో బ్రహ్మమ్మవ్వ కొలిమి దగ్గర తిత్తి లాగేది. పిల్లల్లేరు. తిత్తి గాలి పీల్చినప్పుడు ఒకసారి, వదిలినప్పుడు ఒకసారి రామా అనుకునేది.

అదే ఊళ్ళో పేరమ్మకు ఒక్కడే మనవడు, కొండలు. అప్పుడప్పుడే కబుర్లు నేర్చినవాడు.

ఒక వేసవిలో వాడు ఆటలు మానేశాడు. వడదెబ్బ అన్నారు, మజ్జిగ పట్టారు. పొడిదగ్గు వచ్చింది. వడే అన్నారు, ఉల్లిపాయ నలిపి అరికాళ్ళకు రాశారు. భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీశాడు. అదీ వడే అన్నారు. వడగాలి తగలకుండా ఇంట్లోకల్లా చల్లటి గదిలో పడుకోబెట్టి తలుపు మూశారు. ఆ గదినిండా కొత్త మిరపకాయల బస్తాలు.

సానబట్టిన కొడవలి ఇచ్చిపోదామని బ్రహ్మమ్మవ్వ వచ్చింది. తలుపు వెనక సన్నటి ఈల వినబడింది.

"లోపల ఎవరమ్మా?"

"మా కొండలు. వడ కొట్టింది," అంది వాడి తల్లి, పేరమ్మ కోడలు సీతారావమ్మ.

"వడకి ఈల ఎందుకమ్మా?" అని అవ్వ తలుపు తీసింది. వాడి చొక్కా పైకెత్తింది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి గుంజుకుంటున్నాయి. గొంతు కింద గుంట పడుతోంది.

"నాయనా, నీ పేరు, మీ అమ్మ పేరు, మన ఊరి పేరు ఒక్క గుక్కలో చెప్పు."

"కొండ..." అన్నాడు. ఆగాడు. "...లు" అన్నాడు. అంతే.

"కడుపు పండనిదానివి, పిల్లల సంగతి నీకేం తెలుసే?" అంది పేరమ్మ.

"పిల్లల సంగతి తెలీదక్కా. ఊపిరి సంగతి తెలుసు. మూతికి బూడిద అడ్డంపడ్డ తిత్తి ఇట్టాగే లాగుద్ది. బిడ్డని ఈ ఘాటులోంచి తియ్యండి. పడుకోబెట్టకండి. బండి కట్టండి!"

సీతారావమ్మ అత్త మొహం చూడలేదు. బిడ్డను ఎత్తుకుని బయటికి పరిగెత్తింది.

బండిలో అవ్వ వాణ్ణి ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుంది. ఎండమావుల్లో ఆ బండి నీళ్ళమీద తేలిపోతున్నట్టే కనిపించిందట. పొరుగూరి వైద్యుడు చూసి, "ఇది ఉబ్బసం. వడ అనుకుంటూ కూర్చునుంటే బిడ్డ దక్కేవాడు కాదు," అన్నాడు. మందు పడింది. ఈల సన్నగిల్లింది, ఇంకా సన్నగిల్లింది, ఆగింది.

"అవ్వా, ఆకలేత్తంది, ఇంటికి పోదాం," అన్నాడు కొండలు. ఎక్కడా ఆగకుండా.

చాలా ఏళ్ళకు అవ్వ ఆ రాముడి దగ్గరికి వెళ్ళిపోయింది. తలకొరివి పెట్టింది కొండలేనట.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళలో, మిరపకాయలు ఇంటికొచ్చే రోజుల్లో, తల్లులు పిల్లల్ని చొక్కా విప్పి వాకిట్లో నిలబెడతారు. మూడు పేర్లు చెప్పమంటారు. తన పేరు, అమ్మ పేరు, మూడోది బ్రహ్మమ్మవ్వ పేరు. పిల్లలకి అదొక ఆట. గొంతెత్తి అరుస్తారు, నవ్వుతారు. తల్లులు నవ్వరు. చివరి పేరు దాకా వాళ్ళ డొక్కలకేసే చూస్తూ ఉంటారు.