రేవు అద్దం

ఓడలకి దారి చూపే రేవు దీపం వెనక నిలిపేందుకు నూకాలు నిలువెత్తు గాజు అద్దం సానబట్టింది. దీపం వెలుగు అద్దానికి తగిలి ఎదురుగోడ మీద గుండ్రటి చుక్కలా పడాలి. చుక్క చెదిరితే నూకాలు వేళ్లు తెగ్గొయ్యమని రాజాజ్ఞ.

పరీక్ష వేళ రాజుతో పాటు మంత్రి వచ్చి, అద్దం కుడివైపున అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. చుక్కకి కుడిపక్క తోక మొలిచింది. రాజు పక్కనున్న తలారి కత్తి తీశాడు.

నూకాలుకి సంగతి అర్థమైంది. మంత్రి చేతి వేడికి గాజు ఉబ్బి వెలుగు చెదురుతోందని చెబితే నమ్మేదెవరు?

"ఎడమవైపూ తడమండి బాబూ, అక్కడా తప్పుందేమో!" అంది.

మంత్రి ఉత్సాహంగా చెయ్యి ఎడమకి మార్చి తడిమాడు. కాసేపటికి కుడివైపు గాజు చల్లారి అక్కడి తోక పోయి, ఎడమన మొలిచింది.

"మహారాజా, నా తప్పయితే తోక ఉన్నచోటే ఉండాలి కదా! ఇది మంత్రిగారి చెయ్యి ఎటుపోతే అటు పోతోంది."

రాజు తలారి వైపు చూశాడు. మంత్రి చేతులు రెండూ శాలువాలో దాచుకున్నాడు.